దవాఖాన కుండ

సంతోషమ్మ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగే తీరిక ఎవరికుంది? నేనే రాస్తున్నాను. ఏళ్ల తరబడి ఆమె పక్కన కూర్చుని రిజిస్టర్లో గీతలు గీసింది నేనే కాబట్టి ఈ పని నాకే తగులుకుంది. నా పేరు రోజ. నారాయణఖేడ్ నుంచి కంగ్టి పోయే దారిలో బస్సు దిగి లోపలికి నడిస్తే మా ఊరు. అక్కడ అంగన్‌వాడీ టీచర్ని. సంతోషమ్మ నాకు వరసకు చిన్నమ్మ అవుతుంది.

ఆమె కూలి మనిషి. కంది చేలల్లో కలుపు తీసింది, పత్తి ఏరింది, పెసర్లు కోసింది. చదువు లేదు. మనిషి పొట్టి, మాట మాత్రం మొహం మీద కొట్టినట్టుండేది. ఆమెతో పది నిమిషాలు మాట్లాడితే నాకు కోపం రాకుండా ఉండేది కాదు. అయినా మళ్లీ పొద్దున లేచి వాళ్లింటికే పోయేదాన్ని. ఎందుకంటే ఏం చెప్పను.

రెండు వేల ఒకటో సంవత్సరం వానాకాలంలో ఆమె మొగుడు కాలేబుకు కడుపునొప్పి వచ్చింది. ఊళ్లో సూదులేసే ఆయన ఒక సూది వేసి, చెమటలు పట్టిన కాలేబు మొహం చూసి, "ఇది నాతోని కాదు, ఇయ్యాల్నే బీదర్ తీస్కపోండ్రి" అన్నాడు. ఊరికి ఉన్నది ఒక్కటే జీపు, సంగయ్యది. సంగయ్య చెడ్డవాడేం కాదు. "కిరాయి ముందుగాల చేతిల పెట్టు సంతోషమ్మా, డీజిల్ ఎవడు పోస్తడు చెప్పు" అన్నాడు, అంతే.

ఆమె ఇల్లిల్లూ తిరిగింది. పదకొండు ఇళ్లు. ఒకరు ఇరవై రూపాయలిచ్చారు. ఒకరు మాపటికి రమ్మన్నారు. ఒకరింట్లో కూర్చోబెట్టి చాయ్ పోశారు, తాగకపోతే బాగుండదని ఆ చాయ్ తాగింది. కిరాయి జమయ్యేసరికి సంగయ్య జీపు వేరే కిరాయికి పోయింది. అది తిరిగొచ్చి కాలేబును ఎక్కించుకునేటప్పటికి పొద్దు వాలింది. బీదర్ రోడ్డు ఎక్కకముందే అతని ప్రాణం పోయింది.

దినాలయ్యాక ఒక రోజు నేను పక్కన కూర్చుంటే అంది. "రోగం సంపలేదే రోజా. అడుక్కునుడు సంపింది. పొద్దటి సంది నేను తిరుగుడే సరిపాయె. పాణం పోయేటోని పక్కన ఎంతసేపు కూసున్న చెప్పు? గీ ఊళ్లె ఇంకో ఆడిది గట్ల తిరగొద్దు."

ఇంత చెప్పి ఊరుకుంటే ఆమె సంతోషమ్మ ఎందుకవుతుంది? ఆరు నెలలు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి దారి ఆమెకే తోచింది.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. ఆడవాళ్లు వండేముందు ప్రతి పూటా ఒక పిడికెడు గింజలు తీసి విడిగా ఒక డబ్బాలో వేస్తారు. అది దేవుని పాలు, అంటే దేవుని వాటా. ఆదివారం వాటిని సంచిలో తెచ్చి బల్ల దగ్గర పోస్తారు. రెండు పూటల లెక్కన వారానికి ఒక్కో ఇంటి నుంచి మంచి మానికెడు జొన్నలు వచ్చేవి. సంతోషమ్మ పోయి పాస్టరు నెహెమ్యా గారి ముందు నిలబడింది.

"అయ్యగారూ, ఇండ్ల నుంచి వచ్చిన గింజలల్ల సగం నాకియ్యుండ్రి. కుండల పోసి పెడ్త. ఎవరికన్న జరమొస్తె, పాణం మీదికొస్తె, జీపు కిరాయి అండ్ల నుంచి ఇద్దాం."

"దేవుని బల్ల మీద పెట్టినదాన్ని వాపస్ తీస్కుంటే ఎట్ల సంతోషమ్మా?"

"దేవునికి కడుపు నొస్తదా అయ్యగారూ? మనకే నొస్తది."

ఆయన నవ్వాడా, కోపగించుకున్నాడా అన్నది నేను చూడలేదు, తల దించుకుని ఉన్నాను. మొత్తానికి ఒప్పుకున్నాడు. కాలేబు ఉన్నప్పుడు ఇంట్లో జొన్నలు పోసుకున్న పెద్ద మట్టి కాగును ఆమె నెత్తిన పెట్టుకుని తెచ్చి చర్చి వెనక గదిలో పెట్టింది. ఊరు దానికి దవాఖాన కుండ అని పేరు పెట్టింది. చదువుకున్నదాన్నని రిజిస్టర్ నా చేతికిచ్చింది. ఒక పొయ్యికి ఒక వరుస, ఒక ఆదివారానికి ఒక గీత. చర్చికి రాని ఇళ్లవాళ్లూ కొందరు సంచి పట్టుకొచ్చారు. ముప్పై ఎనిమిది పొయ్యిలయ్యాయి.

నెలకోసారి మేమిద్దరం ఆ జొన్నలు ఆటోలో వేసుకుని ఖేడ్‌కు పోయేవాళ్లం. అంగట్లో వీరభద్రప్ప కొనేవాడు. కన్నడం మాట్లాడే సేటు, నొసట విభూతి, తూకం దగ్గర మాత్రం చెయ్యి జారనిచ్చేవాడు కాదు. నెల గింజలు అమ్మితే సుమారుగా ఒక జీపు కిరాయి, పైన నాలుగు సూదుల ఖర్చు వచ్చేది. ఆ డబ్బు ఒక తగరపు డబ్బాలో పెట్టి కుండ అడుగున దాచేవాళ్లం. నెలకు ఒక మనిషిని దవాఖానకు చేర్చగలం అన్నమాట. చిన్న సంగతిలా కనపడుతుంది. ఆ ఏడాది ఏడుగురు ఎవరి గడపా ఎక్కకుండా జీపెక్కారు. వాళ్లలో ఆరుగురు నడిచి ఇంటికొచ్చారు.

ఇందులో మా ఆడవాళ్ల తీరు ఒకటి చెప్పాలి. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒక్క ఆదివారం తప్పకుండా పోసేవాళ్లే నోరు తెరిచి అడిగేవాళ్లు కాదు. దేవుని పాలు వాపస్ తింటే పాపమట. గ్రేసమ్మ పది రోజులు జ్వరాన్ని కొంగుచాటున దాచుకుని పత్తి ఏరింది. సంతోషమ్మ వాళ్లింటి ముందు నిలబడి వీధంతా వినపడేటట్టు తిట్టి మరీ జీపెక్కించింది. పోయనివాళ్లకు ఆ సిగ్గు లేదు. లక్ష్మవ్వ ఏడాదంతా కనపడలేదు, మోకాళ్లు వాచిన వారం మాత్రం మానికెడు జొన్నలతో వచ్చి అందరికన్నా ముందు నిలబడింది.

ఈ సంగతి విని వీరభద్రప్ప తూకంరాయి కింద పెట్టాడు. "నోడమ్మా, నీ కుండకు ఒక్కటే బీమారి ఉన్నది. బాగున్నోడు పొయ్యడు, జరమొచ్చినోడు ఉర్కొస్తడు. అందరు గట్లనే జేస్తె రెండు నెలలల్ల కుండ ఖాళీ. ఒక కాయిదా పెట్టు. పోసినోనికే ఇయ్యి."

ఆ రోజు ఆటోలో వస్తూ వస్తూ సంతోషమ్మ కాయిదా పెట్టేసింది. వరుసగా నాలుగు ఆదివారాలు గీత లేని ఇంటికి కుండ తెరవకూడదు. ఎవరైనా సరే. ఆదివారం ప్రార్థన కూటమి అయ్యాక నిలబడి అందరికీ చెప్పింది. అందరూ తలలూపారు. బాగున్నప్పుడు తలలూపడానికి ఏముంది?

మా ఊళ్లో దీపావళి దాటితే సగం ఇళ్లకు తాళాలు పడతాయి. చెరుకు కొట్టడానికి పోతారు, ఉగాదికి గానీ రారు. ఆ అయిదు నెలలు వాళ్ల గీతలెవరు గీయాలి? కాయిదా పెట్టిన రోజు ఆ ముచ్చట మా ఇద్దరికీ తట్టలేదు. సేటుకూ తట్టలేదు, ఆయన దుకాణం ఎక్కడికీ పోదు కదా.

రెండు వేల ఆరు సంక్రాంతి దాటాక హన్మయ్య చెరుకు గుడిసెల నుంచి తల్లి అక్కమ్మను మోసుకొచ్చాడు. దగ్గు, రక్తం, జ్వరం. సంతోషమ్మ ఇంటికి గోడవతల ఇల్లే వాళ్లది. నేను రిజిస్టర్ తీశాను. పది ఆదివారాలు ఖాళీ.

"పోయినప్పటి సంది లేవు చిన్నమ్మా. అంతకుముందు ఒక్కటి గూడ తప్పలేదు" అన్నాను.

ఆమె నా చేతిలోంచి రిజిస్టర్ తీసి మూసింది. "కాయిదా కాయిదానే. ఇయ్యాల నా పక్కింటిదని తీస్తె రేపు ఎవర్ని ఆపుత?" అంది. చుట్టాలింట్లో కట్టేసి పోయిన పాలిచ్చే బర్రెను హన్మయ్య ఆ సాయంత్రమే సగం ధరకు అమ్ముకున్నాడు. అక్కమ్మ బతికింది. వాళ్లింట్లో పాలు మాత్రం మళ్లీ ఎన్నడూ కాగలేదు.

రెండు నెలలు తిరగలేదు. సంతోషమ్మ కొడుకు థామస్ కూడా చెరుకు కొట్టడానికే పోయాడు, వేరు కాపురం, వేరు పొయ్యి. ఒక పొద్దున ట్రాక్టరు మీద పెళ్లాం కృపను పడుకోబెట్టుకుని వచ్చాడు. ఎనిమిదో నెల. కింద వేసిన గోనెసంచి ఎర్రగా తడిసిపోయింది. సంగయ్య జీపు చర్చి ముందే ఉంది. నేను రిజిస్టర్ పట్టుకుని వెనక గదికి పరుగెత్తాను.

సంతోషమ్మ అప్పటికే అక్కడ ఉంది. కుండకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

"లే చిన్నమ్మా, డబ్బా తీ."

"గీతలున్నయా?"

ఉంటే కదా. నేను కలం తీశాను. థామస్ వరుసలో నాలుగు గీతలు గీస్తే ఎవరికి తెలుస్తుంది? నిజం చెబుతున్నాను, కలం కాగితానికి ఆనించాను కూడా.

"గీసినవంటే చెయ్యి ఇరుగుతది" అంది. "అక్కమ్మకు లేదన్న నోటితోని నా కోడలికి ఉన్నదంటనా? నేను తిరిగొస్త. ఇండ్ల పొంటి తిరిగొస్త. నాకు అలవాటే గద."

లేచి, చెంగు నడుముకు దోపుకుని బయటికి నడిచింది. అయిదేళ్ల కింద తిరిగిన ఆ పదకొండు ఇళ్లే మళ్లీ. మొదటి గడప అక్కమ్మది. నేను వెనకే పోయాను. అక్కమ్మ అరుగు మీద దగ్గుకుంటూ కూర్చుని ఉంది. సంతోషమ్మ గడప ఇవతలే ఆగిపోయింది.

అక్కమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. కర్ర పట్టుకుని లేచింది, అడుగులో అడుగు వేసుకుంటూ చర్చి వెనక గదికి వచ్చింది, కుండ మీది మూత తానే తీసి కింద పారేసింది.

"నా బర్రె పోయింది సాలదానె? ఇగ గీ పిల్ల పాణం గూడ పోవాల్నా నీ కాయిదాకు? మేం ఊరు ఇడిసిపెట్టి షికారుకు పోయినమానె, బతకనీకె పోయినం. తియ్యి డబ్బా!"

డబ్బా తీశాం. కృప బతికింది. బిడ్డ దక్కలేదు. ఇంకో గంట ముందు వస్తే ఏమో అన్నారు బీదర్‌లో. ఆ గంటలో మేం కుండ ముందు వాదులాడుకున్న భాగమెంతో నాకు తెలుసు, సంతోషమ్మకూ తెలుసు. ఆ మాట మేమెప్పుడూ ఎత్తలేదు. ఆ ఏటి నుంచి చెరుకుకు పోయేవాళ్లు పోయేముందే కుంచెడు జొన్నలు పోసి పోవాలని, వాళ్ల వరుసలో ఉగాదిదాకా గీతలు ముందే గీయాలని కాయిదా మార్చింది. హన్మయ్యకు బర్రె మాత్రం ఎవరూ కొనివ్వలేదు.

తర్వాత రెండేళ్లు కుండ బాగా నడిచింది. రెండు వేల ఎనిమిదిలో సర్కారు కార్డు వచ్చింది. పెద్ద రోగమొస్తే పట్నంలో పెద్ద దవాఖానలో పైసా లేకుండా ఆపరేషన్ చేస్తారు. ఫోను కొడితే అంబులెన్సు వస్తుంది, దానికీ కిరాయి లేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, మంచి పనే అది. లక్ష్మవ్వ మనవడికి గుండెలో రంధ్రం ఉంటే ఆ కార్డు మీదే కుట్టారు. మా కుండ వంద ఏళ్లు నిండినా ఆ పని చేయలేదు.

"ఇగ కుండెందుకు?" అన్నారు జనం. దానికితోడు చౌకబియ్యం వచ్చాక జొన్న రొట్టెలు తగ్గాయి. పిడికెడు కంట్రోలు బియ్యం తీసుకుపోతే ఖేడ్‌లో ఎవరు కొంటారు? ఒక్కో ఆదివారం ఒక్కో వరుస ఖాళీ అయింది. వీరభద్రప్ప పోయాడు. ఆయన కొడుకు శివానంద్ గింజల దుకాణం తీసేసి అక్కడే మందుల దుకాణం పెట్టాడు. సంతోషమ్మ ఒక్కతే ఆదివారం సంచి తెచ్చేది. ఆ గింజలు ఏ ముసలిదానికో జ్వరమొస్తే అటే పోయేవి. గదిలో కుండ ఉండేది గానీ అందులో ఉండేది అడుగున రెండు పిడికిళ్లు. నేను రిజిస్టర్ అటక మీద పడేశాను.

ఆమెకు షుగరు ఉందని రెండు వేల పదిలో తెలిసింది. రోజూ రెండు గోలీలు, బతికినంత కాలం. పెద్ద రోగానికి కార్డుంది. రోజూ మింగే గోలీకి ఏ కార్డూ లేదు. సర్కారు దవాఖానలో ఉన్న నెల ఇచ్చేవారు, లేని నెల బయట కొనుక్కోమనేవారు. ఖేడ్‌కు పోయి రావడానికి ఒక రోజు కూలి, ఆటో ఖర్చు. ఆమె గోలీని మధ్యకు విరిచి పూటకు సగం మింగేది. కొన్నాళ్లకు రోజు విడిచి రోజు. నాకు తెలిస్తే అరిచాను.

"పెయ్యి మంచిగనే ఉన్నది కద, ఎందుకు పరేషాన్ అయితవ్?" అంది. గ్రేసమ్మను వీధిలో నిలబెట్టి తిట్టిన మనిషే ఈ మాట అంది.

రెండు వేల పద్నాలుగు జనవరిలో, కంది కోసిన చేనులో కంది కొయ్య కుడి కాలి బొటనవేలిలో దిగింది. పసుపు పెట్టి గుడ్డ కట్టుకుంది. నెలకు వేలు నల్లబడింది, వాసన వచ్చింది. ఖేడ్‌లో ప్రైవేటు డాక్టరు చూసి, "జల్దీ ఇంజెక్షన్లు మొదలువెట్టాలె, రక్త పరీక్షలు చెయ్యాలె, రోజు కట్టు మార్చాలె" అని ఖర్చు చెప్పాడు. ఆపరేషన్ కాదు కాబట్టి కార్డు పనికిరాదు. థామస్, కృప పట్నంలో బిల్డింగు పనుల్లో ఉన్నారు, ఉన్నది పంపారు, చాలలేదు. నా జీతం మూడు నెలలుగా రాలేదు.

నేను ఇల్లిల్లూ తిరిగాను.

ఎవరూ చెడ్డవాళ్లు కాదు. సంతోషమ్మ పేరు చెబితే కాదన్నవాళ్లు లేరు. యాభై ఇచ్చారు, ఇరవై ఇచ్చారు, మాపటికి రమ్మన్నారు, కూలి డబ్బులు శనివారం వస్తాయన్నారు. ఒకరింట్లో నాకూ చాయ్ పోశారు. అప్పుడు ఆ కప్పు చేతిలో పట్టుకుని ఏడుపు ఆపుకోలేకపోయాను. అంత చేసినా మూడు రోజులు పట్టింది. డబ్బు కట్టుకుని ఆమెను ఖేడ్ తీసుకుపోతే డాక్టరు గుడ్డ విప్పి చూసి మళ్లీ కట్టేశాడు. "మొన్న తెస్తె వేలు తీసి పంపుదు. ఇప్పుడు పట్నం తీస్కపోండ్రి. మీకు కార్డున్నది కద, ఫికర్ లేదు" అన్నాడు.

పట్నంలో మోకాలి కిందికి కాలు తీసేశారు. ఒక్క పైసా అడగలేదు. మందులు వాళ్లవే, భోజనం వాళ్లదే, ఇంటికి పోయేందుకు బస్సు ఖర్చు కూడా చేతిలో పెట్టారు. నర్సులు మంచివాళ్లు. సంతోషమ్మ ఆ డబ్బును అటూ ఇటూ తిప్పి చూసింది.

"కాలు తీసుడు ఫిరీ" అంది. "ఉంచుకునుడుకే పైసలు."

ఇంటికొచ్చిన పది రోజులకు నన్ను పిలిపించింది. అత్తను చూసుకోవడానికి కృప పట్నం వదిలి వచ్చేసింది. సంతోషమ్మ అరుగు మీద మంచంలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, దుప్పటి ఒక పక్క కిందిదాకా చదునుగా పడి ఉంది. నేను అటు చూడకుండా కూర్చున్నాను.

"రిజిస్టర్ తెచ్చినవా?"

"తెచ్చిన. ఎందుకు చిన్నమ్మా ఇప్పుడది?"

"ముందుగాల సంచి ఎవరు మానిండ్రు? సదువు."

దుమ్ము దులిపి తెరిచాను. పేజీలు తిప్పాను. రెండు వేల ఎనిమిది ఆగస్టు, రెండో ఆదివారం. ముప్పై ఏడు గీతలున్నాయి. ఒక్క వరుసే ఖాళీ. ఆ ముందు వారమే మా ఇంటికి కార్డు వచ్చింది. ఇంకెందుకులే అని ఆ గింజల డబ్బాలో మిరపకాయలు పోసుకున్నాను. నాకది గుర్తే లేదు. గుర్తు లేదనుకున్నాను.

"సిరా చెదిరిపోయింది చిన్నమ్మా, కనపడుతలేదు."

"సిరా చెదరలేదు. నువ్వే." ఆమె కోపంగా అనలేదు, అలసటగా అంది. "నాకు సదువు రాకపోతేంది, కండ్లు లెవ్వా? ఆ ఆదివారం నీ చేతిల రిజిస్టర్ ఉండె, సంచి లేకుండె. అందరు చూసిండ్రు. సదువుకున్నదే మానింది, ఇగ అక్కరలేదు గావొచ్చు అనుకున్నరు."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు? నలుగురిలో తిట్టకపోయినవా?" ఏడుస్తూనే అరిచాను.

"అడుగుడు నాతోని కాదే, బిడ్డా. అందుకే కద కుండ పెట్టుకున్న."

కృప లోపలి నుంచి నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది. సంతోషమ్మ సగం గోలీ కాకుండా పూర్తి గోలీ మింగింది. నేను చూస్తున్నానని మింగిందేమో తెలియదు.

ఆదివారం వచ్చింది. మిరపకాయల ఘాటు పోయేదాకా డబ్బా కడిగి వారమంతా పూటకు పిడికెడు జొన్నలు వేశాను. సంచి పట్టుకుని చర్చి వెనక గదికి పోయేసరికి కృప అప్పటికే అత్త సంచి తెచ్చి పోసేసింది. నాది పోశాను. రిజిస్టర్ తెరిచి కొత్త పేజీలో తేదీ వేసి, రెండు గీతలు గీశాను. రెండు పొయ్యిలతో ఏమవుతుంది? ఏమీ కాదు. రెండు గోలీలు కూడా రావు. వీరభద్రప్ప బతికుంటే వేళ్ల మీద లెక్కగట్టి చెప్పేవాడు. అక్కమ్మ వరుస దగ్గర కలం ఆపి, వస్తుందేమోనని కాసేపు చూశాను. గుమ్మంలోకి ఎవరూ రాలేదు. కుండ మీద మూత పెట్టి ఇంటికొచ్చాను.